బడి బస్సు ఆగేచోట ఇల్లు

పోరంకా... గన్నవరమా... తాడేపల్లా? బెజవాడ చుట్టుపక్కల ఇల్లు వెతుక్కునే కుటుంబాల్లో చాలావాటిది ఒకటే లెక్క: పిల్లల చదువు. ఆ లెక్కలో తరచూ మర్చిపోయే అంకెలు కొన్ని ఉన్నాయి.

'ఏమండీ, పోరంకి అయితే బస్సు గుమ్మం ముందుకే వస్తుందట.'

'గన్నవరం వైపు తీసుకుంటే రేపొద్దున రేటు పెరుగుతుందని మీ అన్నయ్యే అంటున్నాడుగా.'

'రేటు సంగతి తర్వాత. జూన్‌కి చిన్నాడు ఒకటో తరగతి.'

'మీరంతా ఉయ్యూరులో చదువుకోలేదట్రా? ఉద్యోగాలు రాలేదా?' మధ్యలో పెద్దాయన.

సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి బడులు తెరిచే జూన్ దాకా బెజవాడలో ఎన్నో ఇళ్లలో రాత్రి భోజనాల దగ్గర నడిచే మాటలే ఇవి. ఆదివారం వస్తే భార్యాభర్తలు స్కూటర్ మీద పిల్లాణ్ని మధ్యలో కూర్చోబెట్టుకుని బందరు రోడ్డు పట్టుకుంటారు. నాలుగు అపార్ట్‌మెంట్లు, రెండు వెంచర్లు, మూడు బడులు చూసి చీకటిపడ్డాక ఇంటికొస్తారు. చేతిలో రంగురంగుల కరపత్రాలు. అన్నింట్లోనూ ఒకే వాక్యం: 'ప్రముఖ పాఠశాలలకు 5 నిమిషాల దూరం.'

ఆ అయిదు నిమిషాలు ఏ వేళప్పుడో మాత్రం ఎవరూ రాయరు!

బందరు నుంచి బెజవాడకి...

కృష్ణా డెల్టాలో చదువు కోసం ఊరు మారడం కొత్తేమీ కాదు. 1843లో రాబర్ట్ నోబుల్ బందరులో బడి పెట్టాడు. 1910లో అదే ఊళ్లో జాతీయ కళాశాల మొదలైంది. చదువంటే బందరే అనుకునే రోజులవి. బెజవాడ అప్పటికి రైళ్ల కూడలి, కాలువల కూడలి, వ్యాపారం చేసుకునే ఊరు. 1937లో ఎస్సారార్ అండ్ సీవీఆర్ కళాశాల, 1950ల్లో ఆంధ్ర లొయోలా, 1955లో వేగె కోటేశ్వరమ్మగారి మాంటిస్సోరి బడి, 1975లో సిద్ధార్థ అకాడమీ... ఒకదాని తర్వాత ఒకటి రావడంతో చదువుల తల్లి బందరు నుంచి మకాం మార్చేసింది. 1986లో శ్రీచైతన్య ఇక్కడే ఆడపిల్లల జూనియర్ కాలేజీగా మొదలయ్యాక ఇక చెప్పేదేముంది? రాష్ట్రం నలుమూలల నుంచీ పెట్టెలు పట్టుకుని దిగే పిల్లలతో బస్టాండు కిటకిటలాడేది.

అప్పుడే డెల్టా పల్లెల్లో ఒక పద్ధతి పుట్టింది. దాన్ని చదువుల కాపురం అనొచ్చు. నాన్న పొలం చూసుకుంటూ ఊళ్లోనే ఉండేవాడు. అమ్మ పిల్లల్ని తీసుకుని బెజవాడలో రెండు గదుల అద్దింట్లో దిగేది. సత్యనారాయణపురం, గాంధీనగర్, మొగల్రాజపురం, పటమట... ఏ వీధిలో చూసినా ఇలాంటి కాపురాలే. శనివారం సాయంత్రం నాన్న బియ్యం మూట, పాల క్యాను, కూరగాయల సంచితో దిగేవాడు. ఆదివారం రాత్రికో, సోమవారం తొలి బస్సుకో వెళ్లిపోయేవాడు. పిల్లలు ఇంజినీర్లయ్యారు, డాక్టర్లయ్యారు. అమ్మానాన్నలు మాత్రం పదేళ్ల పాటు వారానికి ఒక్కరోజు కలిసి ఉన్నారు. ఆ ఖర్చు ఎవరూ ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు.

అదే కథ 2016లో తిరగబడింది. సచివాలయం హైదరాబాద్ నుంచి వెలగపూడికి వచ్చింది. ఉద్యోగులూ వచ్చారు. పిల్లల చదువు మధ్యలో కదపలేక చాలామంది కుటుంబాల్ని అక్కడే ఉంచి ఒంటరిగా వచ్చారు. ప్రభుత్వం వాళ్లకు వారానికి అయిదు రోజుల పని ఇచ్చింది. శుక్రవారం సాయంత్రం రైలెక్కి సోమవారం పొద్దున్నే దిగే బతుకు ఏళ్ల తరబడి సాగింది. ఒకప్పుడు పల్లెలో నాన్న, పట్నంలో అమ్మ. ఇప్పుడు కొత్త రాజధానిలో నాన్న, పాత రాజధానిలో అమ్మ. మారనిది ఒక్కటే... పిల్లాడి బడి.

కాబట్టి బడి కోసం ఇల్లు మారతామంటే నవ్వాల్సిన పని లేదు. కాకపోతే దేన్ని చూసి మారుతున్నామన్నదే ప్రశ్న.

ఫ్రిస్కో లెక్క ఇక్కడ పనిచేయదు

ఈ మధ్య మన ఇళ్లలో ఒక కొత్త సలహాదారు చేరాడు. అమెరికా అబ్బాయి. 'ముందు స్కూల్ చూసుకోండి, తర్వాతే ఇల్లు' అని వీడియో కాల్‌లో చెబుతాడు. అతని అనుభవం అతనిది. అక్కడ ప్రభుత్వ బడిలో సీటు ఇంటి చిరునామాను బట్టి వస్తుంది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో మనవాళ్లు ఇల్లు కొనేటప్పుడు పడకగదులు ఎన్నని అడగడానికి ముందు ఆ వీధి ఏ బడి పరిధిలోకి వస్తుందో చూస్తారు. మంచి బడి గీతకు ఇవతల ఉన్న ఇంటికి ఒక ధర, అవతల ఉన్నదానికి మరో ధర. ఆ గీతను ఎప్పుడైనా మార్చి గీస్తే కాలనీ కాలనీ గొల్లుమంటుంది.

మన దగ్గర అలాంటి గీత లేదు. కానూరులో ఇల్లు కొన్నంత మాత్రాన పక్కవీధి ప్రైవేటు బడి మీ అమ్మాయికి సీటివ్వాలని ఎక్కడా లేదు. అలాగే గుడివాడ నుంచి వచ్చే పిల్లకు ఇవ్వకూడదనీ లేదు. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో బలహీన వర్గాల పిల్లలకిచ్చే 25 శాతం సీట్లకు మాత్రం ఇంటికీ బడికీ ఉన్న దూరం లెక్కలోకి వస్తుంది. దగ్గరున్నవాళ్లకే ముందు అవకాశం. మిగతా అందరికీ బడి చిరునామా కంటే బస్సు రూటే ముఖ్యం. బెజవాడ చుట్టూ పాతిక ముప్ఫై కిలోమీటర్ల దాకా తెల్లవారుజామున తిరిగే పసుపు బస్సులే అందుకు సాక్ష్యం.

అంటే, అమెరికాలో ఇల్లు కొంటే బడి వస్తుంది. ఇక్కడ డబ్బు కడితే బడే బస్సెక్కి ఇంటికొస్తుంది. అందుకే 'మంచి బడి ఉన్న ఏరియా' అనే మాటని మనం వేరే రకంగా అడగాలి. మా పిల్ల పొద్దున ఎన్నింటికి బస్సెక్కాలి? సాయంత్రం ఎన్నింటికి దిగుతుంది?

ఏడాదికి 366 గంటలు

కాగితం మీద పెట్టి చూద్దాం. బస్సులో వెళ్లడానికి 50 నిమిషాలు, రావడానికి 50. రోజుకు 100 నిమిషాలు. చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు ఏడాదిలో కనీసం 220 పనిదినాలుండాలి. మొత్తం 22,000 నిమిషాలు. అంటే 366 గంటలు! అదే చట్టం ఆ తరగతులకు ఏడాది మొత్తానికి కోరే బోధన 1,000 గంటలు. పాఠం మూడు గంటలు విన్న పిల్ల, గంటకు పైగా బస్సు కిటికీకి తల ఆనించి కునికిపాట్లు పడుతోందన్నమాట.

అదే ప్రయాణం 20 నిమిషాలే అయితే? ఏడాదికి 146 గంటలు. మిగిలిన 220 గంటలూ పిల్లవే. ఆడుకుంటుందో, నిద్రపోతుందో, నాయనమ్మ పక్కన కూర్చుని కబుర్లు చెబుతుందో... ఏ ట్యూషనూ ఇవ్వలేనిది అది. పేరున్న బడికీ ఓ మోస్తరు బడికీ మధ్య తేడా ఆ 220 గంటలకన్నా ఎక్కువేనా అన్నది ప్రతి ఇంటా వేసుకోవాల్సిన లెక్క. చిన్న తరగతుల్లో కాదనే మా అభిప్రాయం.

బస్సు మాటొచ్చింది కాబట్టి ఇంకో రెండు సంగతులు. మన రాష్ట్రంలో బడి బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో ముగుస్తుంది. బడులు తెరిచేలోపు రవాణా శాఖ దగ్గర మళ్లీ తనిఖీ చేయించుకోవాలి. అడ్మిషన్ కోసం వెళ్లినప్పుడు ఏసీ గది, స్మార్ట్ బోర్డు చూసొచ్చే మనం, ఆ పత్రం చూపించమని అడగం. అత్యవసర ద్వారం తెరుచుకుంటుందా, డ్రైవరు కాకుండా పిల్లల్ని ఎక్కించి దించే మనిషి ఉన్నారా, మన స్టాపు మొదటిదా చివరిదా... ఇవీ అడగాలి. మొదటి స్టాపు పిల్ల ఊరంతా తిరిగి బడికి చేరుతుంది.

బందరు రోడ్డు బాట

ఇక దారులు చూద్దాం. బెంజిసర్కిల్ దాటి తూర్పుకు వెళితే పటమట, ఆటోనగర్ తర్వాత కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు, కంకిపాడు. చదువు కోసం ఇల్లు మారేవాళ్ల నోట ముందుగా వినిపించేవి ఈ పేర్లే. దానికి కారణమూ ఉంది. 1977లో కానూరులో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల మొదలైంది. అధ్యాపకులు, సిబ్బంది అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. వాళ్ల పిల్లల కోసం బడులు వచ్చాయి. బడుల్ని చూసి డాక్టర్లు, బ్యాంకు ఉద్యోగులు, విదేశాల్లో పిల్లలున్న పెద్దవాళ్లు వచ్చారు. వాళ్లను చూసి ఇంకొన్ని బడులు... చెరుకు, వరి పండిన పొలాలు ముప్ఫై నలభై ఏళ్లలో అపార్ట్‌మెంట్లయ్యాయి. కానూరు, తాడిగడప, పోరంకి, యనమలకుదురు పంచాయతీలు కలిసి ఒక మునిసిపాలిటీ కూడా అయ్యాయి.

ఈ బాటలో సుఖం ఏమిటంటే, ఎంచుకోవడానికి బడులు చాలా ఉన్నాయి. రాష్ట్ర సిలబస్, సీబీఎస్ఈ రెండూ దొరుకుతాయి. ఒక బడి నచ్చకపోతే ఇల్లు మారకుండానే బడి మార్చుకోవచ్చు. ఇది చిన్న విషయం కాదు. ఒకే ఒక్క పెద్ద బడిని నమ్ముకుని దూరంగా వెంచర్లో ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఆ వీలుండదు. ప్రిన్సిపల్ మారినా, ఫీజు పెరిగినా, పిల్లాడికి పొసగకపోయినా నోరు మూసుకుని ఉండాల్సిందే.

కష్టం కూడా ఇక్కడే ఉంది. బందరు జాతీయ రహదారి నాలుగు వరసలైంది, నిజమే. కానీ పొద్దున ఎనిమిది గంటలకు బడి బస్సులు, కాలేజీ బస్సులు, ఆటోనగర్‌కు వచ్చే లారీలు, ఉద్యోగానికి పరిగెత్తే మోటారు సైకిళ్లు అన్నీ ఆ ఒక్క రోడ్డు మీదే. బెంజిసర్కిల్ వంతెనలు 2020, 2021లో అందుబాటులోకి వచ్చాక జాతీయ రహదారి మీద పోయే బండ్లకు ఊరట దొరికింది. కింద అడ్డంగా బందరు రోడ్డు దాటేవాళ్ల అవస్థ వేరు. అందుకే పోరంకిలో ఇల్లు, పోరంకిలోనే బడి అయితే హాయి. పోరంకిలో ఇల్లు, మొగల్రాజపురంలో బడి అంటే ఊరు మారి సాధించింది ఏమీ లేదు. చాలా కుటుంబాలు చేస్తున్నది మాత్రం రెండోదే.

కంకిపాడు దాకా వెళితే ధర తగ్గుతుంది, గాలి మారుతుంది. పల్లెలో తాత ఇంటికి పావుగంట. నాన్న ఉద్యోగం బెజవాడలో, తాతయ్య పొలం ఉయ్యూరు దగ్గర అయితే మధ్యలో ఇది మంచి మజిలీ.

ఏలూరు రోడ్డు... బుడమేరు

రామవరప్పాడు రింగు దాటితే ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి, కేసరపల్లి, గన్నవరం. విమానాశ్రయం, మేధా టవర్స్, 2020లో కేసరపల్లిలో తెరిచిన హెచ్‌సీఎల్ క్యాంపస్ ఈ బాటకు కొత్త కళ తెచ్చాయి. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలకైతే ఇది పాత అడ్డా. భార్యాభర్తల్లో ఒకరి ఉద్యోగం ఈ వైపు ఉంటే ఇంకో ఆలోచన అక్కర్లేదు. ఉద్యోగం గవర్నరుపేటలో, ఇల్లు గన్నవరంలో అంటే మాత్రం రోజూ ఆ రహదారి మీద సుమారు 20 కిలోమీటర్లు వెళ్లి, 20 కిలోమీటర్లు రావాలి.

ఇక్కడ దారి కంటే ముందు నీటి గురించి మాట్లాడుకోవాలి. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు కట్టలు తెంచుకుని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు విరుచుకుపడింది. రోజుల తరబడి జనం మేడల మీదే ఉన్నారు. పాలప్యాకెట్లు పడవల్లో వచ్చాయి, డ్రోన్లతో వచ్చాయి. ఆ తర్వాతి రోజుకల్లా ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నీళ్లు తీశాక వీధుల్లో గుట్టలుగా పడేసిన సామాన్లలో పరుపులు, ఫ్రిజ్‌లతో పాటు బురద పట్టిన బడిసంచులు, ఉబ్బిపోయిన నోటు పుస్తకాలు కనిపించాయి. అర్ధ సంవత్సరం పరీక్షలకు చదవాల్సిన పుస్తకాలవి.

2005లోనూ బుడమేరు ఊరిని ముంచింది. ఇరవై ఏళ్లు కాకుండానే జనం మర్చిపోయారు. రేటు తక్కువని కొనుక్కున్నారు, తక్కువెందుకో అడగలేదు. ఆ ఏరు ఊరు దాటాక ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కిందుగా దాటి కొల్లేరు వైపు సాగుతుంది. కాబట్టి సింగ్‌నగర్ ఒక్కటే కాదు, ఏలూరు రోడ్డు బాటలో స్థలం చూసేవాళ్లు కూడా మెరకో పల్లమో తేల్చుకోవాలి. డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు గానీ, వెంచర్ వాళ్లు రెండడుగులు మట్టి తోలి రోడ్డు వేశాక పల్లం కనిపించదు. పక్కనున్న వరిచేను ఎంత లోతులో ఉందో చూస్తే తెలుస్తుంది. లేదంటే ఊళ్లో పాత రైతుని అడగండి... 'ఈ చెక్కలో రెండో పంట ఏం వేసేవాళ్లు బాబాయ్?' అని. నీళ్లు నిలిచే చేలో ఏ పంట పండదో ఆయన చెబుతాడు.

సీఆర్డీఏ అనుమతి ఉన్న లేఅవుట్ అయితే పదో వంతు స్థలం ఖాళీగా పార్కుకో ఆటస్థలానికో వదలాలి. కరపత్రంలో పచ్చగా కనిపించే ఆ జాగా నిజంగా ఎక్కడుందో వెళ్లి చూడాలి. చాలాచోట్ల అది లేఅవుట్లో అందరికన్నా పల్లపు మూల. వానాకాలంలో చెరువు, ఎండాకాలంలో బండ్లు పెట్టుకునే చోటు. పిల్లలు మాత్రం రోడ్డు మీదే క్రికెట్ ఆడుతుంటారు.

ఏటికి ఆవల

గొల్లపూడి వైపు 2020లో కనకదుర్గ వంతెన వచ్చాక రాకపోకలు తేలికయ్యాయి. హోల్‌సేల్ మార్కెట్ వ్యాపారులకు అనుకూలం. బడుల విషయంలో ఇంకా ఊరి మీద ఆధారపడే ప్రాంతమే.

కృష్ణ దాటితే తాడేపల్లి, కుంచనపల్లి, మంగళగిరి. 2021లో తాడేపల్లి, మంగళగిరి కలిసి నగరపాలక సంస్థ అయ్యాయి. ఎయిమ్స్, వడ్డేశ్వరంలో కేఎల్, రాజధాని గ్రామాల్లో ఎస్ఆర్ఎం, విట్, పక్కనే నాగార్జున విశ్వవిద్యాలయం... పెద్ద చదువులకు కొదవ లేదు. అయితే ఒకటో తరగతి పిల్లాడికి విశ్వవిద్యాలయం ఎంత దగ్గరుంటే ఏం లాభం? అమరావతి భవిష్యత్తును నమ్మి కొనేవాళ్లది ఒక లెక్క, రేపు జూన్‌లో బడికి పంపేవాళ్లది ఒక లెక్క. 2015లో శంకుస్థాపన, 2019లో మూడు రాజధానుల ప్రకటన, 2024 తర్వాత మళ్లీ పనులు... ఈ పదేళ్లలో ఇక్కడి భూమి ధర ఎన్నిసార్లు లేచి పడిందో అందరికీ తెలుసు. మధ్యలో ఒకటో తరగతి పిల్లాడు పదో తరగతికి వచ్చేశాడు.

ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు బెజవాడ ఎన్టీఆర్ జిల్లాలో ఉండిపోయింది. పెనమలూరు, గన్నవరం మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా జిల్లాలోకి వెళ్లాయి. తాడేపల్లి, మంగళగిరి ఎలాగూ గుంటూరు జిల్లావే. ఒక్క ఊరు, మూడు జిల్లాలు. సీట్లు, సర్టిఫికెట్ల పని పడినప్పుడు ఏ కలెక్టరేటుకు పోవాలో ఇల్లు కొనేనాడే తెలుసుకుంటే మంచిది.

ర్యాంకుల ప్రకటన వెనక

ఫలితాలొచ్చిన మర్నాడు పేపర్లలో పేజీల కొద్దీ ఫొటోలు, అంకెలు. మా పేపరు కూడా అందుకు మినహాయింపేమీ కాదు. ఆ మార్కులు నిజమే కావచ్చు. కాకపోతే అవి పదుల బ్రాంచీలవి. మీ అమ్మాయి చేరబోయే బ్రాంచీలో కిందటేడు పదో తరగతి ఎంతమంది రాశారు, వాళ్లలో అక్కడే ఒకటో తరగతి నుంచి చదివినవాళ్లు ఎందరు? తొమ్మిదిలో బాగా చదివే పిల్లల్ని పక్క బడి నుంచి ఫీజు రాయితీతో తెచ్చుకున్నారా? ఈ ప్రశ్న అడిగితే రిసెప్షన్‌లో అమ్మాయి కాస్త తడబడుతుంది. తడబడకుండా జవాబు చెప్పే బడి దొరికితే అదృష్టమే.

పేరు చివర టెక్నో, కాన్సెప్ట్, ఒలింపియాడ్, ఇంటర్నేషనల్... ఏ తోకైనా ఉండొచ్చు. గుర్తింపు ఏ బోర్డుదన్నదే ముఖ్యం. సీబీఎస్ఈ అంటే అఫిలియేషన్ నంబరు ఉంటుంది, బోర్డు వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. ప్రతి గుర్తింపు పొందిన బడికీ యూడైస్ కోడ్ ఉంటుంది. సీబీఎస్ఈ నిబంధన ప్రకారం ఒక సెక్షన్‌లో 40 మందిని మించకూడదు. తరగతి గది గుమ్మంలో నిలబడి బెంచీలు లెక్కపెడితే సరి. గుర్తింపు ఒక భవనానికి తీసుకుని తరగతులు మరో భవనంలో నడిపే మాయ కూడా ఉంది. అందుకే గుర్తింపు పత్రం మీద చిరునామా చదవాలి.

మరుగుదొడ్లు చూడాలి. ముఖ్యంగా ఆడపిల్లల తల్లులు. మధ్యాహ్నం పూట వెళ్లి చూడాలి. పొద్దున అన్నీ శుభ్రంగానే ఉంటాయి.

టీచర్లు ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారని అడగడం ఇంకా మంచిది. ఏటా సగం మంది మారిపోయే బడిలో ఎంత పెద్ద స్క్రీను ఉంటే మాత్రం ఏం?

గుమ్మం ముందున్న బడి

ఈ వెతుకులాటలో మధ్యతరగతి తల్లిదండ్రులు అసలు గేటు కూడా తీసి చూడని బడులు ఉన్నాయి. జిల్లా పరిషత్ హైస్కూళ్లు, మునిసిపల్ హైస్కూళ్లు. డెల్టాలో చాలా ఊళ్లలో వాటి స్థలం ఒకప్పుడు ఊరి రైతులే ఇచ్చింది. అందుకే వాటికి ఆటస్థలం ఉంటుంది, చెట్లు ఉంటాయి. ఇప్పుడు సెంటు లక్షలు పలికే చోట ఏ ప్రైవేటు బడి అంత జాగా కొనగలదు? అక్కడ పనిచేసేవాళ్లు డీఎస్సీ రాసి వచ్చిన శిక్షణ ఉన్న టీచర్లు. 2025 మెగా డీఎస్సీలో ప్రకటించిన పోస్టులే 16,347.

మరి లోపాలు? ఉన్నాయి. విధానాలు తరచూ మారుతుంటాయి. వెయ్యి ప్రభుత్వ బడుల్ని సీబీఎస్ఈలోకి మార్చారు, 2024లో ఆ పదో తరగతి పిల్లల్ని తిరిగి రాష్ట్ర బోర్డు పరీక్షకే తెచ్చారు. ఆ సందిగ్ధంలో నలిగింది పిల్లలే. అయినా ఒక్కసారి లోపలికి వెళ్లి హెడ్‌మాస్టరుగారితో మాట్లాడితే నష్టం లేదు. నూజివీడు ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల ఇంజినీరింగ్ కోర్సులో సీటు. ఆ ఎంపికలో ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు మార్కుల వెసులుబాటు ఉంది. కార్పొరేట్ బడికి పదేళ్లు కట్టిన ఫీజు ఆ వెసులుబాటు తేలేదు.

చిరునామాకు నిజంగా విలువున్న చోటు ఇంకొకటి ఉంది... నవోదయ. వేలేరు నవోదయ సంగతి ఈ ప్రాంతంవాళ్లకు తెలిసిందే. ఆ విద్యాలయాల్లో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవి. ఆ కోటా కావాలంటే 3, 4, 5 తరగతులు గ్రామీణ ప్రాంతపు బడిలోనే పూర్తిగా చదివి ఉండాలి. పంచాయతీ మునిసిపాలిటీ అయితే ఆ కోటా పోతుంది. 'మన ఊరు మునిసిపాలిటీ అయింది, రేట్లు పెరుగుతాయి' అని స్వీట్లు పంచుకునేటప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. రెండో తరగతి పిల్లాణ్ని కంకిపాడు పల్లెల నుంచి పట్నం బడికి మార్చాలనుకుంటున్న తండ్రి మాత్రం ఒకసారి ఆలోచించుకోవాలి.

పదో తరగతి తర్వాత?

ఇన్ని చూసి, ఇంత వెతికి ఇల్లు కొంటాం. పాతికేళ్ల ఈఎంఐ. ఐదు సెంట్ల స్థలం... అంటే 242 గజాలు... కొనడానికి ఊళ్లో అరెకరం అమ్మేస్తాం. తాతలనాటి మాగాణి, మళ్లీ కొనలేం. కొన్నాక పిల్లాడు ఆ ఇంట్లో ఎన్నాళ్లుంటాడు?

బెజవాడలో ఈ ప్రశ్నకు చేదు జవాబు ఉంది. పదో తరగతి పరీక్షలు అయీ కాగానే ఎంతోమంది పిల్లలు హాస్టల్లో చేరిపోతారు. కాలేజీ ఇంటికి నాలుగు కిలోమీటర్లే ఉన్నా సరే. డేస్కాలర్‌గా ఉంటే స్టడీ అవర్స్ పోతాయంటారు. రెండేళ్లు జేఈఈ, ఈఏపీసెట్, నీట్. నెలకో రెండు నెలలకో ఒక ఔటింగ్. ఆదివారం మధ్యాహ్నం గూడవల్లి, నున్న వైపు కాలేజీల గేట్ల ముందు స్టీలు క్యారియర్లు పట్టుకుని చెట్ల కింద కూర్చునే తల్లుల్లో బయటి జిల్లాలవాళ్లే కాదు, పటమట వాళ్లూ, పోరంకి వాళ్లూ ఉంటారు. ఆ తర్వాత ఇంజినీరింగ్. ఆ తర్వాత హైదరాబాదో, బెంగళూరో, ఫ్రిస్కోనో.

కాబట్టి బడి కోసం కొన్న ఇంటికి బడితో ఉండే సంబంధం పన్నెండేళ్లే, మూడో ఏట నుంచి పదిహేనో ఏట దాకా. పెద్దది ఎనిమిదిలో, చిన్నాడు ఎల్‌కేజీలో ఉంటే చిన్నాణ్ని చూసి ఇల్లు తీసుకోవాలి, పెద్దదాన్ని చూసి కాదు. పెద్దమ్మాయి ఎలాగూ రెండేళ్లలో బయటపడుతుంది. చాలామంది తిరగేసి చేస్తారు. పెద్దమ్మాయి పదో తరగతి ముంచుకొస్తోందన్న కంగారులో ఆమె బడి పక్కన ఫ్లాటు కొంటారు. రెండేళ్ల తర్వాత చిన్నాడు ఎదురు దిక్కున్న బడికి బస్సెక్కుతుంటాడు.

ఆ పన్నెండేళ్లు గడిచాక ఆ ఇంట్లో మిగిలేది ఇద్దరే. అప్పటికి కావాల్సింది బడి కాదు... మంచి ఆసుపత్రి, నడవడానికి రోడ్డు, పలకరించే ఇరుగుపొరుగు. డెల్టావాళ్లకైతే ఊరెళ్లి రావడానికి బస్సు. కొనేటప్పుడే ఇవీ చూసుకుంటే ఇల్లు రెండుసార్లు కొనక్కర్లేదు.

ఒక వానాకాలం అద్దెకి

కంగారుపడి అడ్వాన్స్ ఇవ్వకుండా అనుకున్న చోట ముందు ఏడాది అద్దెకుండి చూడటం అన్నింటికన్నా చవక. పెళ్లిచూపుల్లా ఆదివారం సాయంత్రం చూసే ఊరు వేరు, సోమవారం పొద్దున ఏడున్నరకు కనిపించే ఊరు వేరు. జూన్‌లో చేరితే నెలలోపే బస్సు అసలు వేళలు తెలిసిపోతాయి. ఆగస్టు, సెప్టెంబరు వానలకు వీధిలో నీళ్లు ఎంతసేపు నిలుస్తాయో తెలుస్తుంది. దసరా నాటికి టీచర్లలో ఎవరు ఉన్నారో ఎవరు వెళ్లిపోయారో తెలుస్తుంది. సంక్రాంతికి ముందు ఫీజు రెండో వాయిదా అడిగే తీరు తెలుస్తుంది. ఇంటి పక్కనే సాయంత్రం ఆడుకోవడానికి పిల్లలున్నారో, అందరూ ట్యూషన్‌కు పోయి వీధి బోసిపోతుందో కూడా.

వచ్చే వేసవిలోపు మీవాడే చెబుతాడు, ఆ వీధిలో వాడికి స్నేహితులు ఎందరో. అప్పుడు నాన్నగారితో మాగాణి సంగతి మాట్లాడొచ్చు.